స్పీడ్ పెంచితే బ్యాటరీ పోతోంది, క్లాక్ తగ్గిస్తే డెడ్‌లైన్ పోతోంది: రీకాన్ఫిగరబుల్ మల్టీకోర్ చిప్‌లో ఎక్కడ ఆగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: నాలుగు కోర్లూ వాటి పక్కనే ప్రోగ్రామబుల్ లాజిక్కూ (మళ్లీ మళ్లీ వేరే సర్క్యూట్‌గా మార్చుకోగల భాగం, అలా మార్చడమే రీకాన్ఫిగర్ చేయడం) ఉన్న చిప్ మీద సెకనుకి 30 ఫ్రేముల కెమెరా వీడియోని ప్రాసెస్ చేస్తున్నారు. ఒక్కో ఫ్రేమ్‌కి రెండు దశలు, ముందు నాయిస్ తీసేయడం, తర్వాత అంచులు పట్టడం. యాక్సిలరేటర్లు, అంటే ఒక్క పనినే వేగంగా చేసేలా లాజిక్‌లో కట్టిన సర్క్యూట్లు, పెట్టుకుంటూ పోతే స్పీడ్ పెరిగింది, కానీ బ్యాటరీ ఇంతకుముందు కంటే త్వరగా అయిపోతోంది. సరే అని క్లాక్ (చిప్ నడిచే వేగం) తగ్గిస్తే డెడ్‌లైన్ తప్పుతోంది, అంటే తర్వాతి ఫ్రేమ్ వచ్చేలోపు పని అవట్లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యిలా ఉంది, ఎన్ని కోర్లు నడపాలి, ఎంత క్లాక్ పెట్టాలి, లాజిక్‌ని ఎప్పుడు మార్చాలి, దీనికేమైనా ఫార్ములా ఉందా అని అడిగారు.

అన్నిటికీ సరిపోయే ఫార్ములా లేదు. కానీ ఈ మూడు ప్రశ్నలూ తిరిగి తిరిగి ఒకే లెక్క దగ్గరికి వస్తాయి. చిప్ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడానికి ఎన్ని మిల్లీజౌల్‌లు (ఒక వాట్ ఒక మిల్లీసెకను పాటు ఖర్చయితే ఒక మిల్లీజౌల్) ఖర్చవుతాయి, మారాక ఆ స్థితిలో ఎంతసేపు ఉంటారు. క్లాక్ మార్చినా, కోర్‌ని స్లీప్‌లోకి పంపినా, లాజిక్‌లోకి కొత్త బిట్‌స్ట్రీమ్ (లాజిక్ ఏ సర్క్యూట్‌గా మారాలో చెప్పే ఫైల్) ఎక్కించినా అదే లెక్క. చాలామంది ఎంత వేగంగా అయింది, ఎన్ని వాట్‌లు పట్టింది అని విడివిడిగా చూస్తారు, ఆ "ఎంతసేపు" అన్నది మాత్రం ఎవరూ రాసుకోరు. మీ సమస్య కూడా అక్కడే ఉందని నా అనుమానం.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. పవర్ వేరు, ఎనర్జీ వేరు. చిప్ వేడెక్కేది పవర్ వల్ల, బ్యాటరీ తరిగేది ఎనర్జీ వల్ల. ట్రాన్సిస్టర్లు స్విచ్ అవడానికి పట్టే డైనమిక్ పవర్ అంటే స్విచ్ అయ్యే కెపాసిటెన్స్‌ని వోల్టేజ్ స్క్వేర్‌తో, దాన్ని మళ్లీ క్లాక్‌తో గుణిస్తే వచ్చేది. దీన్ని ఒక పని మొత్తానికి ఎనర్జీగా మారిస్తే క్లాక్ కొట్టుకుపోతుంది, ఎందుకంటే క్లాక్ సగం చేస్తే పవర్ సగమవుతుంది, సమయం రెట్టింపవుతుంది. మిగిలేది వోల్టేజ్ స్క్వేర్ ఒక్కటే. అంటే క్లాక్ తగ్గించడం వల్ల మాత్రమే ఎనర్జీ ఏమీ మిగలదు, క్లాక్ తగ్గింది కాబట్టి వోల్టేజ్ కూడా తగ్గించగలిగితేనే మిగులుతుంది. దీనికి తోడు లీకేజ్ ఉంది, చిప్ పని చేస్తున్నా ఖాళీగా ఉన్నా కరెంట్ కారుతూనే ఉంటుంది. ఎంత ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే అంత కారుతుంది. 1974లో డెనార్డ్ బృందం చెప్పిన సూత్రం ప్రకారం ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ వోల్టేజ్ కూడా తగ్గుతూ వచ్చింది, 2005 ప్రాంతానికి లీకేజ్ వల్ల ఆ తగ్గుదల ఆగిపోయింది, క్లాక్‌లు అక్కడే నిలిచిపోయాయి, అందరూ మల్టీకోర్ వైపు మళ్లారు. మనం ఇవాళ పడుతున్న తిప్పలన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

ఇప్పుడు అంకెలతో చూద్దాం. ఇవి లెక్క కోసం నేను అనుకున్నవి, మీ బోర్డులో వేరుగా ఉంటాయి. ఒక ఫ్రేమ్ పనికి 1 గిగాహెర్ట్జ్ దగ్గర, 1 వోల్ట్ మీద 10 మిల్లీసెకన్లు పడుతుంది. డైనమిక్ పవర్ 1 వాట్, లీకేజ్ 0.5 వాట్. పని అయ్యాక స్లీప్‌లోకి వెళ్తే 0.1 వాట్. ఫ్రేమ్‌కి ఉన్న సమయం 33.3 మిల్లీసెకన్లు.

మొదటి పద్ధతి: ఫుల్ స్పీడ్‌లో పరుగెత్తి ముగించి పడుకోవడం. 10 మిల్లీసెకన్లు 1.5 వాట్, అంటే 15 మిల్లీజౌల్‌లు, మిగతా 23.3 మిల్లీసెకన్ల స్లీప్‌కి 2.3, మొత్తం 17.3. రెండో పద్ధతి: క్లాక్ 500 మెగాహెర్ట్జ్, దాంతోపాటు వోల్టేజ్ 0.8కి దించాం. డైనమిక్ 0.32 వాట్ అవుతుంది, వోల్టేజ్ తగ్గింది కాబట్టి లీకేజ్ 0.4 అనుకుందాం. 20 మిల్లీసెకన్లకి 14.4, స్లీప్‌కి 1.3, మొత్తం 15.7. బాగుంది కదా, అయితే ఇంకా తగ్గిద్దాం అని 300 మెగాహెర్ట్జ్‌కి వెళ్తే ఏమవుతుంది? వోల్టేజ్ ఇక 0.8 కంటే కిందికి దిగదనుకోండి, చాలా బోర్డుల్లో ఇలా ఒక అడుగు హద్దు ఉంటుంది. డైనమిక్ 0.19 వాట్, లీకేజ్ అదే 0.4, పని సరిగ్గా 33.3 మిల్లీసెకన్లకి అవుతుంది, స్లీప్‌కి సమయమే లేదు. మొత్తం 19.7 మిల్లీజౌల్‌లు. డెడ్‌లైన్ అంచున నడిపిన పద్ధతి, ఫుల్ స్పీడ్‌లో నడిపిన దానికంటే ఎక్కువ తిన్నది! పని జరిగేటప్పుడు మీటర్ మీద వాట్‌లు చూసిన వాళ్లకి మాత్రం 300 మెగాహెర్ట్జే అన్నిటికంటే పొదుపుగా కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, దీన్ని కాస్త నిదానంగా చదవండి. పై లెక్కలో స్లీప్ నిజంగా 0.1 వాట్‌కి దిగుతోంది. మీ బోర్డులో స్లీప్ అంటే కేవలం ఖాళీగా కూర్చోవడమే అయితే, అంటే లీకేజ్ అలాగే ఉంటే, మొదటి పద్ధతి 26.7కి పోతుంది, రెండోది 19.7, మూడోది కూడా 19.7. ఇప్పుడు పరుగెత్తి ముగించడం అన్నిటికంటే దండగ అయింది, క్లాక్‌ని 500 దగ్గర ఉంచినా 300 దగ్గర ఉంచినా ఒకటే అయింది. అంటే "పరుగెత్తి పడుకోవాలా, మెల్లగా నడవాలా" అన్న పాత వాదనకి జవాబు మీ ఖాళీ సమయపు పవర్ ఎంత అన్నదాని మీద ఉంది. అది కొలవకుండా గవర్నర్ (క్లాక్ ఎంత ఉండాలో నిర్ణయించే కెర్నెల్ భాగం) సెట్టింగ్‌లు మార్చుకుంటూ కూర్చుంటే చీకట్లో రాయి వేసినట్టే.

ఇక లాజిక్ సంగతి. యాక్సిలరేటర్ పెడితే ఎనర్జీ ఎందుకు తగ్గాలి అన్నది ముందు తెలియాలి, అప్పుడే ఎందుకు తగ్గలేదో తెలుస్తుంది. 2014లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ ఒక ప్రసంగంలో 45 నానోమీటర్ చిప్‌కి కొన్ని అంకెలు ఇచ్చారు. 32 బిట్‌ల కూడిక ఒక్కటి 0.1 పికోజౌల్. కానీ ఆ కూడికని ప్రాసెసర్‌లో ఒక ఇన్‌స్ట్రక్షన్‌గా నడిపిస్తే మొత్తం ఖర్చు 70 పికోజౌల్‌ల దగ్గర. ఇన్‌స్ట్రక్షన్‌ని తెచ్చుకోవడం, దాన్ని డీకోడ్ చేయడం, రిజిస్టర్లు చదవడం, కంట్రోల్, ఇదంతా కలిపి అసలు పనికి వందల రెట్లు. గోరంత పనికి కొండంత ఏర్పాటు అన్నమాట. లాజిక్‌లో ఆ ఏర్పాటంతా ఉండదు, కూడిక సర్క్యూట్ నేరుగా కూడుతుంది. మరోవైపు లాజిక్‌కీ సొంత జరిమానా ఉంది. టొరంటో యూనివర్సిటీలో కువాన్, రోజ్ ఇద్దరూ 2007లో ప్రచురించిన కొలతల ప్రకారం ఒకే సర్క్యూట్‌ని విడిగా తయారుచేసిన చిప్‌తో పోలిస్తే ప్రోగ్రామబుల్ లాజిక్‌లో పెడితే డైనమిక్ పవర్ సగటున 14 రెట్లు, జాగా 35 రెట్లు ఎక్కువ, స్పీడ్ మూడు నాలుగు రెట్లు తక్కువ. వందల రెట్ల దండగ పోయి 14 రెట్ల జరిమానా మిగిలితే లాభమే. కానీ మీరు లాజిక్‌లోకి తోసింది కూడా ఒక చిన్న ప్రాసెసర్ లాంటిదే అయితే, అంటే ఇఫ్‌లూ బ్రాంచ్‌లూ ఎక్కువున్న కంట్రోల్ కోడ్ అయితే, ఆ దండగ పోదు, ఈ జరిమానా కూడా మీద పడుతుంది. తయారీలోనే సిలికాన్‌లో చెక్కిన కోర్ పక్కనే ఖాళీగా ఉండగా లాజిక్‌లో సాఫ్ట్ కోర్ (లాజిక్‌తో కట్టుకున్న ప్రాసెసర్) పెట్టుకున్న డిజైన్లు నేను చాలా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. తక్కువ బిట్‌లతో, ఒకే రకం పనిని లక్షల పిక్సెళ్ల మీద చేసేదే లాజిక్‌లోకి వెళ్లాలి. మీ రెండు దశలూ ఆ కోవవే, అది మంచి విషయం.

లాజిక్ విషయంలో ఇంకోటి, దీన్ని చాలామంది కోర్‌లతో కలిపి గందరగోళ పడతారు. మామూలు బోర్డుల్లో లాజిక్‌కి ఇచ్చే వోల్టేజ్ మారదు. వోల్టేజ్ మారనప్పుడు 200 మెగాహెర్ట్జ్ యాక్సిలరేటర్‌ని 100కి దించితే వాట్‌లు తగ్గుతాయి, పని మొత్తానికి డైనమిక్ ఎనర్జీ అంతే ఉంటుంది, పైగా పని రెండింతల సేపు సాగి మిగతా చిప్ పడుకోవడం ఆలస్యమవుతుంది. కాబట్టి లాజిక్‌ని టైమింగ్ ఒప్పుకున్నంత వేగంగా నడిపి, పని కాగానే క్లాక్ ఆపేయండి (దీంతో లీకేజ్ ఆగదు, ఊరికే జరిగే స్విచింగ్ ఆగుతుంది). క్లాక్ బఫర్‌కి ఎనేబుల్ ఉంటుంది, దాన్ని వాడటానికి ఒక్క వైరు చాలు.

ఇప్పుడు నాకు జరిగింది ఒకటి చెప్తాను, ఎందుకంటే మీ లక్షణాలు అచ్చం అలాగే ఉన్నాయి. కొన్నేళ్ల కింద ఒక బోర్డు నా దగ్గరికి వచ్చింది, యాక్సిలరేటర్ పెట్టాక పని ఎన్నో రెట్లు వేగంగా అవుతోంది, బ్యాటరీ మాత్రం ఇంకా ముందే అయిపోతోంది అని. సప్లై లైన్‌లో చిన్న రెసిస్టర్ పెట్టి, దాని మీద వోల్టేజ్‌ని స్కోప్‌లో చూశాను. ఫ్రేమ్ మొదట్లో గీత పైకి లేచి, యాక్సిలరేటర్ పని కాగానే కిందికి పడాలి కదా. పడలేదు. ఫ్రేమ్ పొడుగునా దాదాపు ఒకే ఎత్తులో బల్లపరుపుగా ఉంది. కోడ్ తెరిస్తే కారణం పది నిమిషాల్లో దొరికింది: యాక్సిలరేటర్‌ని స్టార్ట్ చేశాక కోర్ ఒక వైల్ లూప్‌లో కూర్చుని "అయిందా, అయిందా" అని స్టేటస్ రిజిస్టర్ చదువుతోంది, అదీ ఫుల్ క్లాక్‌లో. పని లాజిక్‌కి మారింది కానీ కోర్‌కి విశ్రాంతి రాలేదు, అంటే రెండు జీతాలు ఇచ్చి ఒక పని చేయించుకుంటున్నాం. దీనికి తోడు డీబగ్ చేసేటప్పుడు ఎవరో కెర్నెల్‌లో ఐడిల్ స్టేట్‌లు (ఖాళీ కోర్‌ని పడుకోబెట్టే స్థితులు) ఆపేసి మళ్లీ పెట్టలేదు, వాడని యాక్సిలరేటర్ల క్లాక్‌లు కూడా తిరుగుతూనే ఉన్నాయి. లూప్ తీసేసి ఇంటరప్ట్ (పని అయ్యాక యాక్సిలరేటరే కోర్‌కి పంపే సంకేతం) పెట్టి, ఇంటరప్ట్ వచ్చేదాకా కోర్‌ని పడుకోబెట్టే ఇన్‌స్ట్రక్షన్ వాడి, వాడని క్లాక్‌లు గేట్ చేశాం, అంటే ఆపేశాం. స్కోప్ మీద మెట్లు కనిపించాయి. ఆ మెట్లు చూసినప్పుడు కలిగిన తృప్తి నాకింకా గుర్తుంది, డిజైన్‌లో ఒక్క గేటు కూడా మార్చలేదు మరి.

కాబట్టి మీ బోర్డులో మొదట చూడాల్సింది ఇదే.

ఇక అసలు ప్రశ్న, ఎప్పుడు రీకాన్ఫిగర్ చేయాలి. నాయిస్ మాడ్యూల్‌నీ అంచుల మాడ్యూల్‌నీ ఒకే ప్రాంతంలో మార్చి మార్చి ఎక్కిస్తున్నానని రాశారు. ఒక్కో మార్పు ఎంతకి పడుతుందో లెక్క వేద్దాం. పార్షియల్ బిట్‌స్ట్రీమ్, అంటే ఆ ఒక్క ప్రాంతాన్నే మార్చే బిట్‌స్ట్రీమ్, 10 లక్షల బైట్‌లు అనుకోండి. జైలింక్స్ కంపెనీ 7 సిరీస్ ప్రోగ్రామబుల్ చిప్‌లలో లోపలి కాన్ఫిగరేషన్ పోర్ట్ 32 బిట్‌ల వెడల్పు, 100 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 400 మెగాబైట్‌లు. ఆ వేగం అందితే 2.5 మిల్లీసెకన్లు. అదే కంపెనీ కోర్లనీ లాజిక్‌నీ కలిపి చేసిన జింక్-7000లో ప్రాసెసర్ వైపు నుంచి ఉన్న దారిలో ఎక్కిస్తే నిజంగా అందేది సుమారు 145 మెగాబైట్‌లే, దాదాపు 7 మిల్లీసెకన్లు. ఆ సమయంలో మెమరీ, పోర్ట్, లీకేజ్ అన్నీ కలిపి 0.4 వాట్ అనుకుంటే ఒక్క మార్పుకి 2.8 మిల్లీజౌల్‌లు. యాక్సిలరేటర్ వల్ల ఒక్కో దశకి ఒక్కో ఫ్రేమ్‌లో కోర్‌తో పోలిస్తే 1.2 మిల్లీజౌల్‌లు మిగులుతున్నాయనుకోండి. ప్రతి ఫ్రేమ్‌కీ రెండు మార్పులు, అంటే ఖర్చు 5.6, మిగులు 2.4. ప్రతి ఫ్రేమ్‌కీ 3.2 మిల్లీజౌల్‌లు చేతి నుంచి పెడుతున్నారు! స్పీడ్ మీటర్‌లో మాత్రం ఫ్రేమ్ త్వరగా అయినట్టే కనిపిస్తుంది.

పరిష్కారం పోగు చేసి చేయడం. ఎనిమిది ఫ్రేములకి నాయిస్ తీసి, అప్పుడు మాడ్యూల్ మార్చి, ఎనిమిదింటికీ అంచులు పడితే మార్పుల ఖర్చు ఫ్రేమ్‌కి 0.7కి వస్తుంది. మూడు ఫ్రేముల పోగు దగ్గరే లాభం మొదలవుతుంది, ఎనిమిది నుంచి పదహారుకి పోతే అదనంగా మిగిలేది 0.35 మాత్రమే. అంటే మొదటి కొన్ని ఫ్రేముల్లోనే లాభమంతా ఉంది. అయితే ఊరికే రాదు: ఎనిమిది ఫ్రేములు పోగయ్యేసరికి 266 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. రికార్డింగ్ అయితే ఫర్వాలేదు, కదిలే యంత్రాన్ని ఆపాల్సిన కెమెరా అయితే అది ప్రమాదం. పైగా ఆ ఫ్రేములు ఎక్కడో దాచాలి. 1280 ఇంటూ 720 గ్రే ఫ్రేమ్ ఒక్కటి 9,21,600 బైట్‌లు. జింక్-7020లో లాజిక్ వైపు ఉన్న బ్లాక్ మెమరీ మొత్తం కలిపి 630 కిలోబైట్‌లు, ఒక్క ఫ్రేమ్ కూడా పట్టదు. అంటే చిప్ బయటి పెద్ద మెమరీకే, డీర్యామ్‌కే పోవాలి. హోరోవిట్జ్ అంకెల్లోనే 64 బిట్‌లు డీర్యామ్ నుంచి తేవడానికి 1.3 నుంచి 2.6 నానోజౌల్‌లు. 2 అని పట్టుకుంటే ఒక ఫ్రేమ్‌ని రాసి మళ్లీ చదవడానికి 0.46 మిల్లీజౌల్‌లు. మీ 2.4 మిగులులో అయిదో వంతు కేవలం బండి ఛార్జీలకే పోయింది.

అందుకే నా సలహా సూటిగా చెప్తాను. రీకాన్ఫిగర్ చేయగలం కాబట్టి చేయాలని లేదు. రెండు దశలూ ఒకేసారి లాజిక్‌లో పడతాయేమో ముందు చూడండి. పడితే మొదటిది నాయిస్ తీసిన పిక్సెల్ నేరుగా రెండోదానికి అందుతుంది, ఒక్కో పిక్సెల్‌కి చుట్టుపక్కలవి కూడా చూసే మూడు ఇంటూ మూడు విండోకి మధ్యలో దాచాల్సింది రెండే రెండు లైన్లు, అంటే 2,560 బైట్‌లు. తొమ్మిది లక్షల చోట రెండున్నర వేలు! ఫ్రేమ్ డీర్యామ్ మొహం చూడదు, మార్పుల ఖర్చు సున్నా, ఆలస్యం కొన్ని లైన్లు. పట్టకపోతే బిట్‌లు తగ్గించి చూడండి, 8 బిట్‌ల పిక్సెల్‌కి 32 బిట్‌ల లెక్కలు చేసే కోడ్ నుంచి పుట్టిన యాక్సిలరేటర్లు సగానికి పైగా కుదించవచ్చు. అప్పటికీ పట్టకపోతేనే మార్పిడి. అప్పుడు కూడా రీకాన్ఫిగర్ చేసే ప్రాంతాన్ని ఎంత చిన్నగా గీస్తే అంత మేలు, ఎందుకంటే కంప్రెస్ చేయని బిట్‌స్ట్రీమ్ సైజు మీరు లోపల పెట్టిన లాజిక్‌ని బట్టి కాదు, గీసిన ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న ప్రాంతానికి కూడా పూర్తి బిల్లే.

మరి రీకాన్ఫిగరేషన్‌తో నిజమైన లాభం ఎక్కడుంది అంటే, నిమిషాల పాటు నిలిచే మార్పుల్లో. వెలుతురు బాగున్నప్పుడు మీకు నాయిస్ ఫిల్టర్ అవసరమే తక్కువ, చీకటి పడ్డాక గట్టి ఫిల్టర్ కావాలి. ఇలాంటివి ఒకసారి మారితే చాలాసేపు ఉంటాయి, 2.8 మిల్లీజౌల్‌లు లెక్కలోకి కూడా రావు. అన్ని ఫిల్టర్లూ ఒకేసారి పట్టే పెద్ద చిప్ కొనే బదులు చిన్న చిప్‌తో సరిపెట్టుకోవచ్చు, చిన్న చిప్ లీకేజ్ రోజంతా తక్కువ.

ఎంతసేపు నిలుస్తుందో ముందే తెలియనప్పుడు ఏం చేయాలి? మబ్బు పట్టి వెళ్తోంది, వెలుతురు ఊగుతోంది, మార్చాలా వద్దా? దీనికి అద్దె సైకిల్ లెక్క ఒకటి ఉంది, నేను పదేళ్లుగా వాడుతున్నాను. సైకిల్ ఎన్నాళ్లు అవసరమో తెలియదు, రోజూ అద్దె కట్టాలా, కొనేయాలా? కట్టిన అద్దె మొత్తం సైకిల్ ధరకి చేరేదాకా అద్దెకే తీసుకో, చేరిన రోజు కొనేయ్. భవిష్యత్తు ముందే తెలిసినవాడు పెట్టే ఖర్చుకి రెట్టింపు కంటే ఎక్కువ ఎప్పటికీ అవదు, ఇది రుజువైన విషయం. మన చిప్‌లో కూడా అంతే: ఇప్పుడున్న కాన్ఫిగరేషన్ వల్ల ప్రతి ఫ్రేమ్‌కీ ఎంత నష్టపోతున్నామో ఒక కౌంటర్‌లో కూడండి, అది మార్పు ఖర్చుకి చేరినప్పుడు మార్చండి, ఈలోపు పరిస్థితి మళ్లీ మామూలైతే కౌంటర్ సున్నా చేయండి. పది లైన్ల కోడ్. దీనికోసం మెషిన్ లెర్నింగ్ మోడల్ పెట్టి, ఆ మోడల్ నడపడానికి ఒక కోర్‌ని మేల్కొలిపి ఉంచిన వాళ్లని కూడా చూశాను.

కోర్‌ల సంఖ్య గురించి. హిల్, మార్టీ అనే పరిశోధకులు 2008లో ఆమ్‌డాల్ సూత్రాన్ని (పనిలో విడదీయలేని భాగమే మొత్తం స్పీడ్‌కి హద్దు పెడుతుంది అన్నది) మల్టీకోర్‌కి అన్వయించి ఒక ఆసక్తికరమైన పోలిక చేశారు. 256 చిన్న కోర్‌లకి సరిపడా వనరులున్న చిప్, ప్రోగ్రామ్‌లో 97.5 శాతం సమాంతరంగా నడుస్తుంది అనుకుంటే, అన్నీ ఒకే సైజు కోర్‌లైతే స్పీడ్ 51 రెట్లు, ఒక పెద్ద కోర్ మిగతావి చిన్నవైతే 125, అవసరాన్ని బట్టి చిన్న కోర్‌లు కలిసిపోయి పెద్ద కోర్‌గా మారగలిగితే 186. రీకాన్ఫిగరబుల్ మల్టీప్రాసెసర్ మీద అందరికీ అంత ఆశ ఎందుకో ఈ మూడు అంకెలు చూస్తే తెలుస్తుంది. కానీ ఆ లెక్కలో మారడానికి పట్టే సమయం సున్నా, మారడానికి పట్టే ఎనర్జీ సున్నా. మనకి అవి రెండూ సున్నా కావు.

మీ నాలుగు కోర్‌లకి వస్తే, పైన చెప్పిన 500 మెగాహెర్ట్జ్ ఉదాహరణనే తీసుకుందాం. పనిలో 10 శాతం కోర్‌ల మధ్య విడదీయలేనిది, ఒక్కో అదనపు కోర్ ఆన్ చేస్తే లీకేజ్ 0.1 వాట్ పెరుగుతుంది అనుకుందాం. ఒక కోర్‌కి 15.7 మిల్లీజౌల్‌లు అని చూశాం. రెండు కోర్‌లకి 14.8, నాలుగు కోర్‌లకి 15.6. అంటే రెండే మంచిది, నాలుగు పెడితే మళ్లీ మొదటికొచ్చాం. కానీ ఈ లెక్కలో ఆ 10 శాతం పని జరిగేటప్పుడు మిగతా కోర్‌లు బ్యారియర్ (అన్ని కోర్‌లూ చేరేదాకా ఆగే చోటు) దగ్గర ఊరికే తిరుగుతూ ఎదురుచూస్తున్నాయి. అవి తిరగకుండా పడుకుంటే రెండు కోర్‌లకి 14.1, నాలుగింటికి 13.6. చూశారా, ఎదురుచూసే పద్ధతి ఒక్కటి మారితే ఎన్ని కోర్‌లు మంచిది అన్న జవాబే మారిపోయింది. అందుకే ఇలా తిరుగుతూ ఎదురుచూసే లూప్‌ల గురించి నేను ఇంత పట్టుబట్టేది.

ఇంకో జాగ్రత్త, ఒక్కో కోర్‌కి వేరు క్లాక్, వేరు వోల్టేజ్ పెడదామని ప్లాన్ వేసుకునే ముందు మీ చిప్‌లో అది ఉందో లేదో చూడండి. చాలావాటిలో కోర్‌లన్నిటికీ ఒకే సప్లై లైన్, కాబట్టి అన్నిటికంటే వేగంగా నడిచే కోర్‌కి ఎంత వోల్టేజ్ కావాలో అందరికీ అదే. అలాంటప్పుడు ఒక కోర్ మీద పనంతా వేసి పరుగెత్తించడం కంటే, సమానంగా పంచి అందరినీ మధ్యస్థంగా నడపడం మేలు.

కొలమానం గురించి కూడా అడిగారు, ఎనర్జీని ఆలస్యంతో గుణించి వచ్చే అంకె వాడాలా అని. మీకు వద్దు. సగం ఎనర్జీతో రెట్టింపు సమయం తీసుకున్న డిజైన్‌కి కూడా అదే అంకె వస్తుంది, మీ డెడ్‌లైన్ తప్పినా ఆ అంకెకి తెలియదు. డెడ్‌లైన్ ఉన్న పనికి డెడ్‌లైన్ షరతు, దాని లోపల ఫ్రేమ్‌కి ఎన్ని మిల్లీజౌల్‌లు అన్నదే కొలత. సగటు ఫ్రేమ్‌తో కాకుండా అన్నిటికంటే బరువైన ఫ్రేమ్‌తో డెడ్‌లైన్ చూడండి, సగటు ఫ్రేమ్‌తో ఎనర్జీ చూడండి.

కొలిచేటప్పుడు బోర్డుని కనీసం పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, వేడెక్కాక కొలవండి. వేడి పెరిగితే లీకేజ్ పెరుగుతుంది, చల్లటి బోర్డు మీద తీసిన అంకెలు ఎప్పుడూ ముద్దుగా ఉంటాయి. డిజైన్ టూల్ ఇచ్చే పవర్ అంచనాని నమ్మి ఆగిపోవద్దు, నిజమైన ఫ్రేముల స్విచింగ్ వివరాలు ఇవ్వకపోతే అది తనకి తోచిన యాక్టివిటీ ఊహించుకుని లెక్క కడుతుంది.

మీ చోట నేనుంటే ఈ వారం ఇదీ చేసే పని. ముందు పోలింగ్ (ఆ "అయిందా, అయిందా" లూప్) తీసేసి ఇంటరప్ట్ పెడతాను, ఐడిల్ స్టేట్‌లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూస్తాను, వాడని క్లాక్‌లు ఆపుతాను. తర్వాత బిట్‌లు కుదించి రెండు దశలనీ ఒకే ప్రాంతంలో పక్కపక్కన పట్టిస్తాను. ఆ తర్వాతే క్లాక్, వోల్టేజ్ జోలికి వెళ్లి మూడు నాలుగు పాయింట్ల దగ్గర ఫ్రేమ్‌కి మిల్లీజౌల్‌లు కొలిచి ఒక పట్టికలో పెడతాను. ఈ వరసే ఎందుకంటే, పోలింగ్ ఉండగా కొలిచిన పట్టిక పోలింగ్ తీసేశాక పనికిరాదు, పైన కోర్‌ల లెక్కలో చూశారుగా.

ఇవి చేశాక నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి: ఏ పనీ లేనప్పుడు బోర్డు పవర్, ఒక కోర్ ఫుల్‌గా నడిచేటప్పటి పవర్, పార్షియల్ బిట్‌స్ట్రీమ్ సైజు, దాన్ని ఎక్కించడానికి నిజంగా పట్టిన సమయం. రెండు మాడ్యూళ్లూ ఒకేసారి పట్టకపోతే యుటిలైజేషన్ రిపోర్ట్ (లాజిక్ ఎంత నిండిందో టూల్ ఇచ్చే లెక్క) కూడా జతచేయండి, ఎక్కడ కుదించవచ్చో కూర్చుని చూద్దాం.